కొనకుండా వెళ్ళినవాళ్ళ పుస్తకం

ఆమె మనుషుల్ని కిందినుంచి చదువుతుంది. షాపు గుమ్మంలో ఎవరైనా అడుగు పెడితే ముందు పాదం చూస్తుంది, తరవాత నడక, ఆ తరవాత తీరికుంటే ముఖం. వచ్చినవాడు నోరు తెరిచేలోపే "అన్నయ్యా, ఏడు, వెడల్పుది" అని అటక మీదికి కేకేస్తుంది. ముప్ఫై రెండేళ్ళుగా ఇదే పని. చెప్పుల షాపు ఉన్న ఆ వీధిలో ఆమెను అందరూ నంబరక్క అంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది. నెలకోసారి తప్ప దానితో ఎవరికీ పనిలేదు.

ఇలాంటి మనిషి గురించి రాయబోతే "నిస్వార్థ సేవ", "చెరగని చిరునవ్వు" లాంటి మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. వాటిని ముందే లేపి పంపెయ్యడం మంచిది. నంబరక్క ఊరికే నవ్వదు. బేరమాడేవాళ్ళంటే ఆమెకు విసుగు. కాలికి రానిది కావాలని పట్టుబడితే "ఇది మీకు రాదు" అని పెట్టె మూసేస్తుంది, ఎదుటివాళ్ళు మూతి ముడుచుకున్నా సరే. ఆమెలో మెచ్చుకోవలసింది పనితనం. మంచి మనసున్నవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. పని తెలిసినవాళ్ళ కోసం ఊరంతా తిరగాలి.

షాపు మందుల కొట్టుకీ కళ్ళద్దాల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వెడల్పు పన్నెండు అడుగులు, లోతు నలభై. రెండు గోడలకీ నేలనుంచి పైదాకా అట్టపెట్టెలు, మధ్యలో రెండు బెంచీలు, వెనక చెక్క నిచ్చెన, దాని మీద అటక. లోపలికి రాగానే కొత్త తోలు, రబ్బరు జిగురు కలిసిన వాసన. గుమ్మం పక్కనే పాదం కొలిచే చెక్క ఉంటుంది. మడమ ఆనించడానికి ఒక అడ్డు, వేళ్ళ దగ్గర జరిపే ఇంకో అడ్డు, మధ్యలో అరిగిపోయిన అంకెలు. ఆ అంకెలు ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ కనబడవు.

పంతొమ్మిదో ఏట పెట్టెల మీద దుమ్ము తుడవడానికి చేరింది. అప్పటి యజమాని పెద్దసారు. మూడో నెలలో ఒకావిడ ఆరు జతలు వేసి చూసి, ఏదీ నచ్చక లేచి వెళ్ళిపోతుంటే, మూలనుంచి ఈ పిల్ల "ఆమెకి ఐదు కాదండీ, నాలుగు. వేళ్ళు ముందుకి జారిపోతున్నాయి చూడండి" అంది. పెద్దసారు ముందు కోప్పడ్డాడు, తరవాత నాలుగు తెప్పించాడు. ఆవిడ రెండు జతలు కొంది. ఆ సాయంత్రమే పిల్ల చేతిలో గుడ్డ పోయి, మడమ లోపలికి జారడానికి పెట్టే ఇనపరేకు వచ్చింది. ఆ రేకు ఇప్పటికీ ఆమె జేబులోనే ఉంటుంది.

పెద్దసారు పోయాక షాపు ఆయన కొడుకు చేతికి వచ్చింది. అతను చిన్నసారు. నాలుగేళ్ళ వయసులో అతని కాళ్ళకు లేసులు కట్టడం నేర్పింది ఈమే. అందుకే ఇప్పటికీ ఆమెను అక్కా అంటాడు. అతనికి వేరే వ్యాపారాలున్నాయి కాబట్టి షాపు బాధ్యతంతా ఆమెకు అప్పగించాడు. ఆమె మొదట చేసిన పని గోడ మీద బంగారు రంగు అక్షరాల్లో ఉన్న "కస్టమరే దేవుడు" బోర్డు దింపించడం. ఆ మేకుకే, మోకాళ్ళ కింది భాగం మాత్రమే కనబడేంత కిందికి, ఒక అద్దం వేలాడదీసింది.

"బోర్డేం చేసిందక్కా నిన్ను?" అన్నాడు చిన్నసారు.

"దేవుణ్ణి చెప్పు కరవదు బాబూ. వీళ్ళని కరుస్తుంది. దేవుడనుకుంటే దణ్ణం పెట్టి ఊరుకుంటాం. కాలు ఎవడు చూస్తాడు?"

రెండో పని పుస్తకం. పొడుగ్గా ఉండే మామూలు నోటు పుస్తకం, గల్లాపెట్టె పక్కన దారంతో కట్టి ఉంటుంది. ఏ షాపులోనైనా అమ్మినవాటికి లెక్క ఉంటుంది. ఇందులో రాసేది కొనకుండా వెళ్ళినవాళ్ళ గురించి. మనిషి గుర్తు, నంబరు, ఏమడిగారు, ఎందుకు వెళ్ళారు. "గళ్ళ చొక్కా. తొమ్మిది. నల్లది అడిగాడు, గోధుమరంగే ఉంది." "బ్యాంకు ఆవిడ. ఐదు. మడమ ఎత్తెక్కువంది." "కర్రతో వచ్చిన తాత. ఎనిమిది. వంగి లేసులు కట్టుకోలేడు. లేసుల్లేనిది లేదు." నియమం ఒక్కటే. కారణం షాపుది అయ్యుండాలి. "పని లేక వచ్చారు", "కొనే మొహాలు కావు" అని రాయకూడదు. ఒకసారి అలా రాసినందుకు ఆ పేజీ చింపించి మళ్ళీ రాయించింది.

పొద్దున తలుపు తియ్యబోయే ముందు టీ తాగుతూ ముందురోజు పేజీ పైకి చదువుతారు. లేసుల్లేని ఎనిమిది నెలలో నాలుగుసార్లు వస్తే, ఆ మరుసటి వారం లేసుల్లేని ఎనిమిదులు ఆరు దిగుతాయి. కర్ర తాత తిరిగొచ్చాడు. ఆయనతో పాటు పార్కులో కూచునే ఇంకో ముగ్గురు తాతలు వచ్చారు. తోలు కంపెనీ ప్రతినిధి ఆ పుస్తకం చూసి, ఇంతకాలం ఏం అమ్ముడుపోయిందో అడుగుతూ తిరిగానే గాని ఏం అమ్ముడుపోలేదో అడగాలని తోచలేదని తల గీరుకున్నాడు.

ఆమె కింద పనిచేసేది ఇద్దరు. ఒకాయన ఆమెకన్నా ముందు చేరినవాడు, ఆరడుగుల మనిషి, అటకంతా ఆయన రాజ్యం. ఆయన్ని పొడుగన్నయ్య అంటారు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండోది ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. ఆయన మిగిల్చిన మాటలన్నీ తనే మాట్లాడుతుంది కాబట్టి వాగుడుకాయ. దారిన పోయేవాణ్ణి కూడా "ఏంటి సార్, ఆ చెప్పు ఇంకా ఎన్నాళ్ళు బతుకుతుందనుకుంటున్నారు?" అని ఆపి లోపల కూచోబెట్టగలదు.

ఇలా నడుస్తుండగా ఎదురుగా రెండంతస్తుల చెప్పుల షాపు వెలిసింది. చల్లటి గాలి, పాటలు, గాజు తలుపు మీద "సగానికి సగం" అని మనిషంత అక్షరాలు. మూడు నెలల్లో ఇటువైపు బెంచీలు ఖాళీ అయ్యాయి. బడులు తెరవడానికి ఆరు వారాలుందనగా చిన్నసారు వచ్చి బెంచీ మీద కూచున్నాడు. కూచున్న తీరులోనే కబురు ఉంది.

"అక్కా, దాచడం దేనికి. సెల్‌ఫోన్ల కొట్టు పెడతానని ఒకాయన ఈ స్థలం అడుగుతున్నాడు. మంచి అద్దె ఇస్తాడు."

"ఇస్తే?"

"ఈ స్కూలు సీజన్ చూస్తాను. పోయినేడు ఎన్ని జతలు అమ్మాం?"

"స్కూలువి ఆరువందల నలభై."

"అన్ని పోతే షాపు ఉంచుతాను. పోకపోతే నన్నేమీ అనకు." ఆగి, గొంతు తగ్గించాడు. "పోవడానికి ఒక ఉపాయం ఉంది. ఆరువందల బూటు మీద పన్నెండు వందలని చీటీ వేసి, గీత కొట్టి, కింద ఆరువందలని రాద్దాం. ఎదురువాళ్ళు చేసేది అదే కదా."

"నిన్న ఆరువందలకి కొన్న తల్లి రేపు ఆ చీటీ చూస్తే ఏమనుకుంటుంది? మనమేదో కరుణించామనుకుంటుందా?"

"అనుకోదూ?"

"నిన్నటిది కూడా మూడు వందలే చేస్తుందేమో, నన్ను ముంచారు అనుకుంటుంది. ధర ఒకసారి అబద్ధమాడితే, తరవాత నిజం చెప్పినా ఎవరూ వినరు బాబూ."

చీటీల జోలికి పోనని అతను ఒప్పుకున్నాడు. గడువు మాత్రం మార్చలేదు. ఆమెకు యాభై ఒకటి. ఈ వయసులో కొత్త షాపులో ఇరవై ఏళ్ళ మేనేజరు దగ్గర నిలబడి పని అడగాలి. పొడుగన్నయ్యకు అదీ దొరకదు. వాగుడుకాయ జీతం మీద ఆమె తల్లి మందులు నడుస్తున్నాయి. అంటే ఆరువందల నలభై జతల్లో ముగ్గురి బతుకు ఉంది.

నంబరక్క తప్పు చేసింది అప్పుడే.

ఆమె కూతురు కాలేజీలో వ్యాపారశాస్త్రం మొదటి సంవత్సరం. మర్నాడు పరీక్ష. ముందుగదిలో తండ్రి కాలిపోయిన ఫ్యాన్లకు రాగితీగ చుడుతుంటే, ఆ పక్కనే పుస్తకం తల్లి చేతికిచ్చి అప్పజెప్పించుకుంటోంది.

"మార్కెటింగ్‌లో ముఖ్యమైనవి నాలుగు. వస్తువు, ధర, స్థలం, ప్రచారం."

"ఐదోది?"

"నాలుగే అమ్మా."

"కొనకుండా వెళ్ళిపోయినవాడు లేడా ఇందులో?"

"లేడు. నువ్వు రాస్తే ఉండేవాడు. ముందు ఇది చూడు, ఉద్యోగుల నిర్వహణ. ఎవరి పనికి తగ్గ ప్రోత్సాహకం వాళ్ళకి విడివిడిగా ఇస్తే ఉత్సాహం పెరుగుతుంది, అమ్మకాలు పెరుగుతాయి. సరిగ్గా చెప్పానా?"

తల్లి ఆ పేజీ వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంత లావు పుస్తకం వేసినవాళ్ళు ఊరికే రాస్తారా అనుకుంది. భయం పట్టుకున్న మనిషికి అచ్చులో ఉన్నదల్లా నిజంలాగే కనబడుతుంది. ఎంత తెలివైనవాళ్ళకైనా ఇది తప్పదు.

"ఏమోయ్, పాఠం నీకెక్కిందా దానికెక్కిందా?" అన్నాడు భర్త, తీగ మీదనుంచి తల ఎత్తకుండా.

మర్నాడు గోడకు ఒక కాగితం అంటించింది. రెండు గడులు, ఒకటి పొడుగన్నయ్యది, ఒకటి వాగుడుకాయది. జత అమ్మితే ఒక గీత, గీతకింత అని డబ్బు. వాళ్ళ గీతలకు అడ్డం రాకూడదని తను బెంచీల దగ్గర నిలబడడం మానేసి గల్లాపెట్టె వెనక్కి వెళ్ళి కూచుంది. మొదటి వారం ఆమె లెక్కకు మించి అమ్ముడుపోయాయి. పుస్తకం గొప్పదే అనుకుంది.

రెండో వారం గురువారం పొద్దున టీ తాగుతూ పేజీ చదవబోయి ఆగింది. "ఒకటో నంబరు లేదు." కింద మళ్ళీ "ఒకటో నంబరు లేదు." ఆ కింద "రెండు లేదు." వెనక్కి తిప్పితే నాలుగు రోజుల్లో అలాంటి వరసలు ఇరవై ఏడు. పిల్లల నంబర్లు పదమూడు దాటాక మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల కాళ్ళన్నీ ఆ ఒకటి రెండు మధ్యే ఉంటాయి. స్కూలు సీజన్ అంటేనే ఆ రెండు నంబర్లు. సోమవారం నలభై ఎనిమిది జతలు దిగితే లెక్క చూసి దించుకున్నది తనే. గీతల కాగితం మీద అందులో సగం కూడా లేవు.

అడగబోయేంతలో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. "మొన్న లేదన్నారు. ఇవాళ వచ్చాయేమోనని."

నంబరక్క పిల్ల పాదం చూసింది. "అన్నయ్యా, ఒకటి."

అటక మీద చప్పుడు లేదు. కాసేపటికి "అయిపోయాయి" అని వినబడింది.

ఆమె లేచి, మోకాళ్ళు పట్టుకుంటున్నా తనే నిచ్చెన ఎక్కింది. ఒకటో నంబరు పెట్టె తెరిచింది. కుడికాలు ఉంది, ఎడమది లేదు. ఇంకో పెట్టె. అందులోనూ కుడికాలే. మూడోది పూర్తిగా ఖాళీ. మూల గోనెసంచి ఒకటి ఉబ్బెత్తుగా కనబడింది. విప్పితే అన్నీ ఎడమకాళ్ళు. పొడుగన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

సంచి కిందికి తెచ్చింది. ఏమీ అడగకుండా మేజోళ్ళ సొరుగు లాగింది. పై వరస మేజోళ్ళు తీస్తే కింద కుడికాళ్ళు, నీటుగా పేర్చి ఉన్నాయి. వాగుడుకాయ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

జరిగింది అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళంతా వాగుడుకాయ వలలో పడుతున్నారు, గీతలన్నీ ఆమెకే. అందుకని పొడుగన్నయ్య గిరాకీ ఉన్న నంబర్ల ఎడమకాళ్ళు తీసి దాచాడు. తన మనిషి వస్తే సంచిలోంచి తీసి జత చేద్దామని. ఆమె పెట్టె తెరిచి చూసి, విషయం గ్రహించి, ఫిర్యాదు చెయ్యకుండా అందినన్ని కుడికాళ్ళు సొరుగులో వేసుకుంది. అక్కడితో ఇద్దరూ అమ్మలేకపోయారు. బూట్లన్నీ షాపులోనే ఉన్నాయి, జత మాత్రం లేదు. నియమం తప్పకుండా ఇద్దరూ పుస్తకంలో నిజమే రాశారు.

ఆమె ఎడమ కుడి అన్నీ బెంచీ మీద కుమ్మరించింది. పిల్ల ఆ గుట్టలోంచి ఒకటీ ఒకటీ ఏరుకుని, కాళ్ళకు తొడుక్కుని, అద్దం ముందుకు నడిచింది.

"లేవన్నారు కదండీ?" అంది తల్లి.

"ఉన్నాయమ్మా. కలవలేదంతే."

వాళ్ళు కొనుక్కుని వెళ్ళారు. తలుపు దగ్గరికి వేసి ఆమె వెనక్కి తిరిగేసరికి వాగుడుకాయ గొంతు లేచింది.

"ముందు దాచింది అన్నయ్యే అక్కా! పెట్టె తెరిస్తే ఒంటికాలు! ఒకబ్బాయి వాళ్ళమ్మ ఏమందో తెలుసా? మా వాడికి రెండు కాళ్ళున్నాయమ్మా అంది!"

పొడుగన్నయ్య ఆ వారానికి సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడాడు. "నేను నిచ్చెన ఎక్కింది ఎవరు రాశారు? రోజుకి నలభైసార్లు ఎక్కి దిగుతున్నా. నా గీతలు రెండు. ఈవిడగారు గుమ్మంలో నిలబడి రండి రండి అంటే పద్దెనిమిది. నేను దించకపోతే ఏం తొడిగేది, తన నోరా?"

ఇక్కడ చాలామంది ఐకమత్యం మీద ఉపన్యాసం ఇస్తారు, లేదా ఒకరిని పనిలోంచి తీసేసి మిగతావాళ్ళకు బుద్ధి చెప్పాననుకుంటారు. నంబరక్క గోడ దగ్గరికి వెళ్ళి కాగితం ఊడబెరికింది. ఆయన అన్నది నిజం. ఒక జత అమ్ముడుపోవాలంటే పిలిచేవాడు, దించేవాడు, తొడిగేవాడు ముగ్గురూ కావాలి. ఆ కాగితం మాత్రం ఒక్కరినే చూసింది. ఇద్దరు మంచి పనివాళ్ళ చేత దొంగపని చేయించింది తనే.

"తప్పు నాది" అంది, కాగితం ఉండ చుడుతూ. "ఇవాళ్టినుంచి ప్రతి జతకీ ముగ్గురికీ సమానం. నంబరు తప్పిచ్చి జత వెనక్కొస్తే ముగ్గురికీ సున్నా, నాతో సహా. సరేనా?"

వాగుడుకాయ ముక్కు ఎగబీల్చింది.

"ఏడుపు మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టుకో. ఇప్పుడు పుస్తకం తియ్యి. ఇరవై ఏడుమంది వెళ్ళిపోయారు. ఏ బడి పిల్లలో, ఏమడిగారో గుర్తున్నంతా చెప్పు. నీ నోటికి ఇప్పుడుంది పని."

చెప్పించుకుంటుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆ తల్లుల్లో సగానికి పైగా కాలికి సరిపోయేది అడగలేదు. రెండు నంబర్లు పెద్దది అడిగారు. బూటు ముందుభాగంలో దూది కుక్కి తొడిగితే ఏడాది వస్తుందని. ఎలాగూ ఆర్నెల్లలో కాలు పెరిగిపోతుంది, అలాంటప్పుడు మంచి బూటు దేనికని ఎదురు షాపులో సగం ధరవి కొంటున్నారు. అంటే వాళ్ళను లాక్కెళ్తున్నది ఎదురు షాపు చల్లగాలి కాదు, పెరిగే కాలంటే భయం.

ఆ రాత్రి ఇంట్లో కూతురు పాపం బిక్కమొహం వేసింది. "నా పరీక్ష వల్లే కదమ్మా ఇదంతా."

"ఆ పేజీ తరవాత ఏముందే?"

"బృందానికిచ్చే ప్రోత్సాహకాలు. అది సిలబస్‌లో లేదని వదిలేశాం."

తండ్రి తీగ చుట్ట పక్కన పెట్టి నవ్వాడు. "మీ సిలబస్‌కి కూడా ఒంటికాలే అన్నమాట."

మర్నాడు ఆమె చిన్నసారుకు ఫోన్ చేసి పిలిపించింది. ఒక చీటీ నమూనా చూపించింది. పిల్ల పేరు, బడి, ఈ రోజు నంబరు. కింద ఒక వాక్యం: ఈ బూటు బిగుతైనప్పుడు తీసుకురండి, ఏడాదిలోపు తరవాతి నంబరు సగం ధరకి.

"మునిగిపోతాం అక్కా!"

"వినండి. వందమందికిస్తే నలభైమంది కాగితం పారేస్తారు. ఇరవైమంది పిల్లలు బూటుతో రాళ్ళు తన్ని ముందుభాగం చింపేస్తారు. అలాంటివి తీసుకోమని అడుగునే రాశాను. మిగిలింది నలభై. సగం ధరంటే మనం కొన్న రేటుకి కాస్త తక్కువ. వాళ్ళు తిరిగిచ్చిన జత శుభ్రం చేసి చవగ్గా అమ్మితే ఆ తక్కువ పూడుతుంది. పైగా వచ్చే తల్లి ఒంటరిగా రాదు. తమ్ముడుంటాడు, చెల్లెలుంటుంది, తన చెప్పు తెగి ఉంటుంది. ఇది దయాధర్మం కాదు బాబూ, లెక్క."

అతను రెండుసార్లు కాగితం మీద వేసి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. షాపు ముద్ర తీసి తనే మొదటి చీటీ మీద గుద్దాడు.

నాలుగు వారాలు మిగిలాయి. దగ్గర్లోని బడి ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి వెళ్ళి, పుస్తకాలు పంచే రోజున వరండాలో ఒక మూల అడిగింది. ఆవిడ అనుమానంగా చూసింది. "మా బడిలో అమ్మకాలు కుదరవమ్మా."

"అమ్మను. కొలుస్తాను. మీ పిల్లలు ఆటల పీరియడ్‌లో ఎన్నిసార్లు పడుతున్నారో లెక్కుందా మేడమ్? అందులో సగం పెద్ద బూట్లలో కుక్కిన దూది వల్ల."

లెక్క ఉంది. ప్రథమచికిత్స పెట్టెలో దూది ఏ కాలికి పోతోందో ఆవిడకు అప్పుడు తట్టింది. వరండా దొరికింది.

ఫ్యాన్ల పెట్టెల చెక్కతో భర్త ఇంకో రెండు కొలత చెక్కలు చేసిచ్చాడు, అంకెలు ఈసారి అందరికీ కనబడేలా. పొడుగన్నయ్య అటక దిగి మొదటిసారి జనంలో కూచుని పిల్లల పాదాలు పట్టుకున్నాడు. గిలిగింతలు పెట్టకుండా పాదం పట్టుకోవడం ఆయనకొచ్చినంత బాగా ఎవరికీ రాదని ఆ రోజు తెలిసింది. వాగుడుకాయ వరసలో నిలబడ్డ తల్లుల్ని మాటల్లో పెట్టింది. కూతురు చీటీలు రాసింది. నంబరక్క ఒక్కొక్క పాదం చూసి ముందే నంబరు చెప్పేసి, తరవాత చెక్క మీద పెట్టించింది. మొదటి ఇరవై కాళ్ళకు తల్లులు చెక్క వంక చూశారు, తరవాత చూడ్డం మానేశారు.

శనివారం నుంచి బెంచీలు చాలలేదు. మందుల కొట్టాయన తన కుర్చీలు పంపాడు. నంబరు లేదని వెళ్ళిపోయిన ఇరవై ఏడుమందిలో పంతొమ్మిదిమందిని వాగుడుకాయ ముఖాలు గుర్తుపట్టి మరీ వెనక్కి తెచ్చింది. ఒక తల్లి ఎదురు షాపు సంచి వెనక్కి దాచుకుంటూ లోపలికొస్తే, "పరవాలేదండీ, అదీ ఇవ్వండి, బరువెందుకు" అని అందుకుంది.

బడులు తెరిచిన మర్నాడు చిన్నసారు వచ్చాడు. వెంట సెల్‌ఫోన్ల ఆయన, చేతిలో టేపు. వచ్చీ రాగానే ఆయన గుమ్మం వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.

"ఎన్నయ్యాయక్కా?"

"ఐదువందల తొంభై ఆరు."

నలభై నాలుగు తక్కువ. పొడుగన్నయ్య నిచ్చెన మీద ఆగిపోయాడు. వాగుడుకాయ అద్దం తుడుస్తూ తుడుస్తూ ఒకేచోట తుడుస్తోంది.

"ఇరవై ఏడుమందిని నేనే పోగొట్టాను, ఎనిమిదిమంది మళ్ళీ రాలేదు" అంది నంబరక్క. "మీకు చెప్పకూడదనుకున్నాను. కానీ రాసి ఉంది." పుస్తకం అతని చేతికిచ్చింది.

అతను నిలబడే పేజీలు తిప్పాడు. ఒకటో నంబరు లేదు, ఒకటో నంబరు లేదు. ఆ తరవాతి వారం రోజుకి నాలుగు వరసలు, ఆఖరి వారం రోజుకి ఒకటి, ఒకరోజు అసలేమీ లేదు. పుస్తకం మూసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "మాటంటే మాట అక్కా. ఆరువందల నలభై అనుకున్నాం."

"అనుకున్నాం. మీరు మాట మీద నిలబడే మనిషే. మీ నాన్నా అంతే." ఆమె సొరుగులోంచి షాపు దగ్గర ఉంచుకున్న చీటీల సగభాగాలు తీసింది, దారంతో కట్టిన మందపాటి కట్ట. "అందుకే ఇవి కూడా చూడండి. నాలుగువందల పన్నెండు. ఏడాదిలోపు సగం ధరకి తరవాతి నంబరు ఇస్తామని ఒక్కొక్కదాని మీద మీ ముద్రుంది. నాలుగువందల పన్నెండుమంది తల్లులు ఇంటి దగ్గర భద్రంగా దాచుకుని ఉంటారు."

"నలభైమంది పారేస్తారన్నావుగా!"

"వందకి. మిగతావాళ్ళు ఆర్నెల్లకి ఈ గుమ్మంలోకొచ్చి బూటు చూపిస్తారు. సెల్‌ఫోన్ల ఆయన ఏమిస్తాడు వాళ్ళకి? చార్జరా?"

చిన్నసారు కట్ట చేతిలో పట్టుకుని తూచినట్టు చూశాడు. అన్నిటి మీదా తండ్రి పేరుతో ఉన్న ముద్ర. నెమ్మదిగా అతని ముఖంలో నవ్వు మొదలైంది, ఓడిపోయానని తెలిసిన మనిషి నవ్వు.

"అక్కా, నిజం చెప్పు. ముద్ర వేయించిన రోజే అనుకున్నావా ఇది?"

"మీకు లేసులు కట్టడం నేర్పింది ఎవరు బాబూ?"

అతను బయటికి వెళ్ళి సెల్‌ఫోన్ల ఆయనతో ఏదో మాట్లాడాడు. టేపు చుట్ట చుట్టుకునే చప్పుడు లోపలికి వినబడింది. గుమ్మం అవతల ఆ మనిషి చేతులు తిప్పి, తల ఊపి, వీధిలో పడి వెళ్ళిపోయాడు. పొడుగన్నయ్య నిచ్చెన దిగి, ఎవరూ అడక్కుండానే టీలు తేవడానికి బయల్దేరాడు. "నాకు చక్కెర రెండు చెంచాలన్నయ్యా, ఇవాళ రెండు!" అని వాగుడుకాయ వెనకనుంచి అరిచింది.

నంబరక్క కళ్ళద్దాలు సవరించుకుని, పుస్తకం ముందుకు లాక్కుని, ఆ రోజు పేజీలో మొదటి వరస రాసింది.

"సెల్‌ఫోన్ల ఆయన. తొమ్మిది, ఇరుకు పాదం. షాపు అడిగాడు. అమ్మకానికి లేదు."